తెల్ల ట్రిల్లియం: తపాలాలో వచ్చిన కొమ్ములు, నర్సరీ నుంచి వచ్చిన కుండీలు

మధ్య ఒహాయోలో మా ఇంటి పెరట్లో ఎండ తగిలే జాగా అంతా గోంగూరకూ, బీరపాదుకూ, టమాటాలకూ ఎప్పుడో చెల్లిపోయింది. మిగిలింది ఇంటికి ఉత్తరం వైపు, పొరుగువారి రెండు పెద్ద మేపుల్ చెట్ల కింద ఉన్న నీడపట్టు మాత్రమే. అక్కడ మూడేళ్లపాటు గడ్డి విత్తనాలు చల్లి, అవి మొలవడం, జూలై నాటికి మాడిపోవడం చూసి విసిగిన తర్వాత, ఆ నీడకు అలవాటుపడిన ఇక్కడి అడవిపూలనే పెంచడం మేలని 2021 శరత్కాలంలో నిశ్చయించుకున్నాను. నా చూపు ముందుగా పడింది తెల్ల ట్రిల్లియం మీద. శాస్త్రీయ నామం ట్రిల్లియం గ్రాండిఫ్లోరం. ఒహాయో 1986లో దీన్ని తన రాష్ట్ర అడవిపువ్వుగా ఎంచుకుంది. రాష్ట్రంలోని 88 కౌంటీలలోనూ ఇది కనిపించడమే అందుకు కారణమని చెబుతారు. కెనడాలోని ఒంటారియో ఇంకా ముందే, 1937లోనే, దీన్ని తన అధికార పుష్పం చేసుకుంది. ఊరూరా పెరిగే పువ్వును కొనుక్కోవడంలో చిక్కేముంటుందన్నది అప్పటి నా ధీమా.

ఈ మొక్కను నేను రెండు చోట్ల కొన్నాను. మొదటిది తపాలా ద్వారా మొక్కలు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణం, రెండవది స్థానిక మొక్కలను మాత్రమే పెంచే ఒక చిన్న నర్సరీ. రెండింటి పేర్లూ ఇక్కడ చెప్పడం లేదు. మొదటి తరహా దుకాణాలు ఒకటి కావు, రెండు కావు. ఒకదాని పేరు చెబితే మిగిలినవన్నీ మంచివన్న అర్థం వస్తుంది. నాలుగు వసంతాలు గడిచిన తర్వాత రాస్తున్నాను కనుక, పెట్టె విప్పిన రోజు ఉత్సాహంతోనో ఉక్రోషంతోనో రాసిన సమీక్ష కాదని పాఠకులు గమనించగలరు.

ఆన్‌లైన్ దుకాణంలో అయిదు కొమ్ముల, అంటే నేలలో దుంపలా పెరిగే కాండాల, సంచి ధర 24 డాలర్లు. ‘పూసే వయసు వచ్చినవి’ అని ప్రకటనలో రాశారు. అక్టోబరు రెండో వారంలో అట్టపెట్టె వచ్చింది. లోపల చిల్లుల ప్లాస్టిక్ సంచిలో పొడిపొడిగా ఎండిన పీట్ (కుళ్లిన నాచు మట్టి), దానిలో అయిదు కొమ్ములు, ‘ట్రిల్లియం, తెలుపు, నీడకు’ అన్న మూడు మాటల చీటీ ఉన్నాయి. శాస్త్రీయ నామం ఎక్కడా లేదు. ఈ ఒక్క లోపానికే సంచిని తిరిగి పంపించి ఉండవలసింది, ఎందుకంటే తెల్లగా పూసే ట్రిల్లియంలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి, పైగా కొమ్మును చూసి అది ఏ జాతిదో పోల్చుకోవడం నాలాంటి వారికి అసాధ్యం. ట్రిల్లియం కొమ్ము చూడడానికి పొట్టి అల్లం ముక్కలా ఉంటుంది. ఒక కొసన మొనదేలిన మొగ్గ, ఒళ్లంతా ఉంగరాల్లాంటి గీతలు. ఏడాదికేడాది పెరుగుదల ఆగి మళ్లీ మొదలైన గుర్తులు ఆ కొమ్ము మీద నొక్కులుగా మిగులుతాయి, వాటిని లెక్కించి మొక్క వయసును అంచనా వేస్తారు. ఒక కొమ్ము మీద నేను పన్నెండు దాకా లెక్కపెట్టాను. పన్నెండేళ్లు సాకిన మొక్కను ఎవరైనా అయిదు డాలర్లకు ఎలా అమ్మగలరన్న సందేహం ఆ క్షణంలోనే రావలసింది. రాలేదు. చవగ్గా దొరికిందన్న సంతోషం అడ్డుపడింది.

మరుసటి వసంతంలో అయిదింటిలో నాలుగు లేచాయి. రానిదాన్ని తవ్వి చూస్తే కుళ్లి మెత్తగా ఉంది. వచ్చిన నాలుగింటిలో రెండే తెల్ల ట్రిల్లియంలు. అది తేల్చుకోవడానికి నాకు దాదాపు నెల పట్టింది, ఆ నెలలో నేర్చుకున్నది అంతకుముందు కొన్న తోటపని పుస్తకాలన్నింటి కంటే ఎక్కువ.

అసలైన గ్రాండిఫ్లోరం ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో పూస్తుంది. నేల నుంచి ఒకే కాడ, దాని తలన ఒకే చోట నుంచి వెడలిన మూడు ఆకులు, వాటి మధ్య నుంచి రెండు మూడు అంగుళాల తొడిమ, ఆ తొడిమ మీద ఒకే పువ్వు. మూడు ఆకుపచ్చని రక్షక పత్రాలు, మూడు తెల్లని రేకులు, ఆరు పసుపు కేసరాలు. రేకుల అంచులు కొద్దిగా అలలు తిరిగి ఉంటాయి. మొదళ్లు ఒకదానిపై ఒకటి ఒరిగి చిన్న గరాటులా ఏర్పడతాయి. గుర్తింపులో అన్నింటికన్నా ముఖ్యమైనది ఈ గరాటు. వారం పది రోజులు గడిచాక తెల్ల రేకులు గులాబి రంగుకు తిరుగుతాయి. ముసలితనంలో రంగు పూసుకునే పువ్వును చూసి ఇది వేరే రకమేమో అని కంగారుపడనక్కర్లేదు.

నా సంచిలోని మూడవది ముదురు ఎరుపులో పూసింది. దగ్గరగా వంగి వాసన చూస్తే తడిసిన కుక్క పక్కన నిలబడ్డట్టుంది. అది ట్రిల్లియం ఎరెక్టం, ఈగలను రప్పించుకుని పరాగ సంపర్కం జరిపించుకునే జాతి. చూడముచ్చటగానే ఉంది కాని నేను అడిగింది అది కాదు. ఇదే ఎరెక్టంలో తెల్లగా పూసే రూపం కూడా ఉంది, అసలు తికమక అక్కడే వస్తుంది. దానికి రేకుల మొదళ్ల దగ్గర గరాటు ఉండదు, రేకులు మొదలు నుంచే పరుచుకుంటాయి, పువ్వు నడిమధ్యన ఉన్న అండాశయం నల్లద్రాక్ష రంగులో ఉంటుంది. గ్రాండిఫ్లోరంలో అదే అండాశయం లేత రంగులో ఉంటుంది. పువ్వు తొడిమ వంగి, ఆకుల కిందికి తలవాల్చి ఉంటే అది ట్రిల్లియం సెర్నూమ్ అనే మరో జాతి. తొడిమే లేకుండా మచ్చల ఆకుల మీద నేరుగా కూర్చున్న ముదురెరుపు పువ్వైతే సెసిల్. మార్చిలోనే, మంచు ఇంకా పూర్తిగా కరగకముందే అరచేతి కంటే చిన్న మొక్క తెల్లగా పూసిందంటే అది నివాలే. ఆ చిన్నదాన్ని చూడాలనుకుంటే ఎల్లో స్ప్రింగ్స్ దగ్గరి క్లిఫ్టన్ గార్జ్ సంరక్షణ స్థలానికి ఆ నెలలోనే వెళ్లాలి. ఉగాదికి చూద్దాంలే అని ఊరుకుంటే కొన్నేళ్లు దొరుకుతుంది, కొన్నేళ్లు అప్పటికే వాడిపోతుంది.

నాలుగవ మొక్కే నన్ను ఎక్కువ మోసం చేసింది. మూడు ఆకులు ఉన్నాయి, పువ్వు లేదు. పూసే వయసు రాలేదేమోనని దాన్ని ఎంతో జాగ్రత్తగా చూసుకున్నాను. తీరా చూస్తే అది జాక్ ఇన్ ద పల్పిట్ అని ఇక్కడివాళ్లు పిలిచే అరిసీమా. తేడా ఆకులోనే ఉంది. ట్రిల్లియం ఆకులు మూడూ సమాన దూరంలో, ఫ్యాను రెక్కల్లా పరుచుకుంటాయి. అరిసీమాలో రెండు ఆకులు ఎదురెదురుగా చాచిన చేతుల్లా ఉండి, మూడవది వాటికి అడ్డంగా నిలుస్తుంది. పైగా దాని ఈనెలు అంచుదాకా పోకుండా, అంచుకు కొంచెం లోపల దాని వెంబడే సాగే ఒక సన్నటి ఈనెలో కలిసిపోతాయి; ఆకును వెలుతురుకు ఎత్తి చూస్తే చిన్నపిల్లలైనా పోల్చగలరు. వేసవిలో తవ్వి చూశాను, అల్లం ముక్క కాదు, గుండ్రటి చిన్న చేమదుంప. నిజంగానే అది చేమ, కంద ఉండే కుటుంబానికి చెందినదే, అదే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు, అదే దురద. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నవ్వుకుని దాన్ని మరో మూలన నాటాను, అక్కడ హాయిగా ఉంది. మూడాకుల మాట వచ్చింది కనుక మరొక హెచ్చరిక: ఈ అడవుల్లో తాకితే ఒళ్లంతా దద్దుర్లెక్కే పాయిజన్ ఐవీకి కూడా మూడేసి ఆకులే. అది కట్టె కాడతో పాకుతుంది, దాని నడిమి ఆకుకు పొడవైన తొడిమ ఉంటుంది. గుర్తుపట్టలేనివారు ఏ మూడాకుల మొక్కనూ ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు.

మిగిలిన రెండు అసలైనవాటిలో ఒకటి రెండో వసంతంలో రేకుల మధ్య ఆకుపచ్చ చారలతో పూసింది. ఇలాంటి పువ్వును అపురూపమైన రకమని మురిసిపోయేవారు లేకపోలేదు. కాని అది ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే జబ్బు. ఏటేటా పచ్చదనం పెరిగి, రూపం చెడి, చివరికి మొక్క క్షీణిస్తుంది. దాన్ని వేళ్లతో సహా తీసి చెత్తబుట్టలో వేశాను. అంటే అయిదు కొమ్ములకు గాను నేను అడిగిన మొక్కగా, ఆరోగ్యంగా మిగిలింది ఒక్కటి. లెక్క ప్రకారం దాని ధర అయిదు డాలర్లు కాదు, 24 డాలర్లు.

దుకాణం వారికి ఫొటోలతో సహా లేఖ రాశాను. రెండు రోజుల్లోనే మర్యాదగా జవాబిచ్చారు. కుళ్లిన కొమ్ముకు, తప్పు మొక్కలకు బదులుగా మళ్లీ కొనుక్కోవడానికి కొంత సొమ్ము జమ చేస్తామన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా, అందుకు వారిని తప్పుపట్టను. అయితే నేను అడిగిన రెండవ ప్రశ్నకు వచ్చిన జవాబే నన్ను వారికి దూరం చేసింది. ఈ కొమ్ములు విత్తనం నుంచి పెంచినవా, అడవిలో తవ్వినవా అని అడిగితే, ‘మా మొక్కలన్నీ నర్సరీ గ్రోన్’ అని ఒక్క ముక్కలో రాశారు. ఈ వ్యాపారంలో ఆ మాటకు ఉన్న అర్థం తెలుసుకోవాలి. అడవి నుంచి తవ్వి తెచ్చి, ఒక సంవత్సరం నర్సరీ మడిలో ఉంచి అమ్మిన మొక్కను కూడా నర్సరీలో పెరిగిందనే అంటారు. విత్తనం నుంచో, నర్సరీలోని తల్లిమొక్కను విభజించో పెంచినదాన్ని ‘నర్సరీ ప్రాపగేటెడ్’ అంటారు. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా అడవికీ తోటకూ మధ్య ఉన్న తేడా. ఏ దుకాణమైనా రెండవ మాట స్పష్టంగా రాయకపోతే అక్కడ ట్రిల్లియం కొనకండి.

ఎందుకింత పట్టుదల అంటే ఈ మొక్క లెక్క వేరు. వేసవి మధ్యలో కాయ పండి విత్తనాలు రాలుతాయి. ఒక్కో విత్తనానికి నూనె నిండిన చిన్న తెల్లటి కండ అంటుకుని ఉంటుంది. దాని కోసం చీమలు విత్తనాన్ని పుట్టకు మోసుకుపోయి, కండ తిని, గింజను బయట పారేస్తాయి. ఆ గింజ మొదటి చలికాలం గడిచాక వేరు మాత్రమే వేస్తుంది, రెండవ చలికాలం కూడా గడిచాకే నేల పైకి ఒక చిన్న బీజదళాన్ని పంపుతుంది. తర్వాత ఒక ఏడాదో కొన్నేళ్లో ఒకే ఆకుతో, ఆపైన మూడు ఆకులతో నెట్టుకొస్తూ, మొదటి పువ్వు పూసేసరికి ఏడు నుంచి పదేళ్లు పడుతుంది. పూసే వయసు వచ్చిన ట్రిల్లియం చవగ్గా దొరుకుతున్నదంటే ఆ ఏళ్ల ఖర్చును అమ్మినవారు భరించలేదు, అడవి భరించింది. ఇది అమెరికాకే పరిమితమైన సంగతి కాదు. మన హిమాలయాల్లో పెరిగే ట్రిల్లియం గోవానియానంను నాగ్ ఛత్రి పేరుతో మందుల వ్యాపారం కోసం దొంగచాటుగా తవ్వడం వల్ల అది హిమాచల్ అడవుల్లో అంతరించిపోయే స్థితికి చేరింది. ఒహాయోలో సంరక్షణ స్థలాల నుంచి మొక్కను పెకలించడం నిషిద్ధం కనుక, సొంతంగా తెచ్చుకుందామన్న ఆలోచన కూడా పనికిరాదు.

ఇక రెండవ కొనుగోలు. 2022 మే మొదటి వారంలో, స్థానిక మొక్కల అమ్మకం రోజున ఆ చిన్న నర్సరీ వారి బల్ల దగ్గర పూసి ఉన్న రెండు కుండీలు చూశాను. కుండీ ఒక్కింటికి 22 డాలర్లు. పూలు ఎదురుగా ఉన్నాయి కనుక గరాటు, లేత అండాశయం, పసుపు కేసరాలు అన్నీ చూసుకునే వీలు దొరికింది. ట్రిల్లియంను పూసినప్పుడే కొనాలన్న నా అభిప్రాయం అక్కడ స్థిరపడింది. చీటీ మీద శాస్త్రీయ నామం, దాని కింద విత్తనం నాటిన సంవత్సరం రాసి ఉన్నాయి. 2013. అమ్మే పెద్దావిడ ధర సంగతి ఎత్తకముందే నేల ఎలాంటిది, నీడ ఏ చెట్లది, జింకలు వస్తాయా అని నన్నే ప్రశ్నించారు. నాటేముందు కుండీ మట్టిని నీళ్లతో కడిగేయమని కూడా చెప్పారు, కారణం గెంతే వానపాములు. ఆసియా నుంచి వచ్చిన ఈ వానపాములు అడవి నేల మీది ఆకుపొరను తినేసి, మట్టిని డికాషన్ తీసేసిన కాఫీ పొడిలా పొడిపొడి చేస్తాయి, ట్రిల్లియంలాంటి మొక్కలకు అక్కడ కాలూనడం కష్టం. తన సొంత కుండీ మట్టిని కూడా అనుమానించమని కొనేవారికి చెప్పే వ్యాపారిని నేను అంతకుముందు చూడలేదు.

పెంపకం విషయానికి వస్తే, కష్టపడాల్సినదంతా నాటేముందే. మా నేల సుద్ద బంకమట్టి. ఎనిమిది అంగుళాల లోతు తవ్వి, రెండేళ్లు మాగిన ఆకుమట్టిని సగానికి సగం కలిపాను. నీరు నిలవకూడదు, అలాగని ఎండిపోనూ కూడదు. కొమ్మును మొగ్గ పైకి ఉండేలా మూడు అంగుళాల లోతున పెట్టాలి. రసాయన ఎరువు అక్కర్లేదు. మేపుల్ వేర్లు పైపైనే పాకి నీటిని తాగేస్తాయి కనుక మొదటి రెండు వేసవుల్లో వానలేని వారం వచ్చినప్పుడల్లా నీళ్లు పోశాను. శరత్కాలంలో రాలిన ఆకులను సంచుల్లో కట్టి వీధిలో పెట్టే అలవాటు మానుకుని, గడ్డి కోసే యంత్రంతో ఒకసారి నలగ్గొట్టి అక్కడే పరిచాను. నలగ్గొట్టకపోతే మేపుల్ ఆకులు తడిసి అట్టకట్టి మొలకను పైకి రానివ్వవు.

జింకల బెడద మాత్రం మాటలతో తేలేది కాదు. తెల్లతోక జింకకు ట్రిల్లియం అంటే మనకు లేత చింతచిగురు అన్నట్టే. ఒక్కసారి ఆకులు కొరికేస్తే ఆ ఏడాదికి ఆ మొక్కకు వేరే ఆకులు రావు, కొమ్ములో నిల్వ చేసుకునేది ఏమీ ఉండదు. మూడు నాలుగేళ్లు వరసగా ఇలా జరిగితే మొక్క పూయడం మాని కుంచించుకుపోతుంది. నాలుగడుగుల ఎత్తు తీగవలను చుట్టూ పాతాను. అందంగా లేదు. కాని అవసరం.

ఇదే కారణంగా కోయడం కూడా కూడదు. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ మొదటి పూత చూసి, “మూడాకులు, మూడు రేకులు, అచ్చం మారేడు దళంలా ఉందిరా, శివుడికి రెండు పూలు పెడదాం” అంది. ఆకులతో సహా తుంచితే మొక్క కోలుకోవడానికి ఏళ్లు పడుతుందని, ఒక్కోసారి చచ్చిపోతుందని, పువ్వు ఒక్కటే గిల్లినా విత్తనం పోతుందని చెప్పాను. “అయితే ఆయనే వచ్చి చూసుకుంటాడులే” అని లోపలికి వెళ్లిపోయింది. ఆగస్టు వచ్చేసరికి మొక్క పసుపుబారి నేలలో కలిసిపోతుంది, అది చావు కాదు, నిద్ర. ఆ సంగతి తెలియక ఖాళీగా ఉందని అక్కడ మరొకటి నాటి కొమ్మును నరికేయకుండా చిన్న రాయి గుర్తుగా పెట్టుకోవాలి. తెలుగు నేల మీద దీన్ని పెంచాలని మాత్రం ఎవరూ ఆశపడవద్దు. నెలల తరబడి గట్టి చలి లేనిదే ఇది లేవదు.

నాలుగు వసంతాల తర్వాత లెక్క చూస్తే, నర్సరీ కుండీలు రెండూ ఏటా తప్పకుండా పూస్తున్నాయి, అందులో ఒకటి రెండు కాడలైంది. తపాలా సంచిలోని ఏకైక ఆరోగ్యవంతురాలు మొదటి ఏడాది కొమ్ములో దాచుకున్న బలంతో పూసి, మరో రెండేళ్లు ఆకులతో సరిపెట్టి, 2025లో మళ్లీ పూసింది. తపాలా దుకాణానికి అయిదుకు ఒకటిన్నర మార్కులు, ఆ అర కూడా మర్యాదగా జవాబిచ్చినందుకు. నర్సరీకి నాలుగున్నర, ఏడాదిలో ఒక్కరోజే, పొద్దున్నే క్యూలో నిలబడితే తప్ప దొరకకపోవడం వల్ల అర తగ్గించాను.

మొన్నటి ఏప్రిల్‌లో కంచెకు అవతల, ఇటుకల దారి పగుళ్ల దగ్గర, వేలి గోరంత వెడల్పున్న ఒంటి ఆకుల మొలకలు నాలుగు కనిపించాయి. 2022 వేసవిలో రాలిన విత్తనాలను చీమలు అక్కడిదాకా మోసుకుపోయి ఉంటాయి, లెక్క కూడా సరిగ్గా సరిపోయింది. దారిలో నడిచేవాళ్లు తొక్కకుండా వాటి చుట్టూ నాలుగు వెదురు పుల్లలు గుచ్చాను. వాటికి పూత వచ్చేసరికి 2030 దాటుతుంది.